రెండు ముక్కల కీర్తన

"వదలండి!"

"మీరే వదలండి. ముందు చెయ్యి వేసింది నేను."

"చెయ్యి వేస్తే సరిపోయిందా? దీని కోసం నాలుగేళ్ళుగా తిరుగుతున్నాను నేను!"

పాత సామాన్ల షాపులో, కుర్చీల గుట్టకీ మరకలు పడ్డ అద్దాలకీ మధ్య ఒక గ్రామఫోన్ రికార్డు. దాని ఆ కొస పట్టుకున్నది పళ్ళ డాక్టరమ్మాయి. ఈ కొస పట్టుకున్నది ఆ నాలుగేళ్ళుగా తిరుగుతున్న గడియారాల మెకానిక్. అప్పటికి ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

మెకానిక్‌కి పాత క్రిస్మస్ కీర్తనల రికార్డులంటే ప్రాణం. దొరికిన ప్రతిదాన్నీ కడిగి, తుడిచి, కంప్యూటర్‌లోకి ఎక్కించి, అందరూ వినేలా ఇంటర్నెట్‌లో పెడతాడు. ఒక చర్చిలోని ఆడవాళ్ళ కోయిర్ బృందం ఎప్పుడో పాడిన పన్నెండు రికార్డుల్లో పదకొండు సంపాదించాడు. పన్నెండోది ఇప్పుడు అతని చేతిలోనే ఉంది. సగం.

ఎందుకంటే సరిగ్గా అప్పుడే అది టప్‌మని రెండు ముక్కలైంది.

ఆమె తన చేతిలోని ముక్కకేసి చూసుకుంది. పెదవులు వణికాయి.

"ఇందులో మా నాయనమ్మ గొంతుంది."

అతను తన ముక్కను మెల్లగా ఆమె ముక్క పక్కన చేర్చాడు.

"పంతొమ్మిదేళ్ళప్పుడు రెండో చరణం తనొక్కతే పాడిందట. లేబుల్ మీద కోయిర్ మాస్టర్ పేరు తప్ప ఇంకెవరి పేరూ లేదు. నిరుడు గొంతుకి ఆపరేషన్ అయింది. ఇప్పుడు గుసగుసలే తప్ప మాట రాదు. మా నాన్నయితే అసలు నమ్మరు. 'మా అమ్మకి కోతలెక్కువ' అంటారు. ఒక్కసారి వినిపిద్దామనుకుంటే నా చేత్తో నేనే విరిచేశాను."

"విరిచేశాం. పాపం చెరి సగం."

కళ్ళ నీళ్ళతోనే ఫక్కున నవ్వింది. "అతుకుతుందా?"

"జిగురు రికార్డు మీది గీతల్లోకి పోతే పాట పోయినట్టే. వెంట్రుకవాసి తేడా వచ్చినా సూది ఎగిరిపడుతుంది. చిన్న చిన్న చక్రాలతో కుస్తీ పట్టడం నాకు అలవాటే గానీ, దీనికి నాలుగు చేతులు కావాలండీ."

"మిగతా రెండూ నావి," అంది. "రోజంతా నేను చేసేది అలాంటి పనే."

ఆదివారం మధ్యాహ్నం పనిముట్ల పెట్టెతో దిగింది. తలుపు తీసిన అతని అక్క ఆమెను ఎగాదిగా చూసి, లోపలికి కేకేసింది. "ఒరేయ్, నీ రికార్డుల కోసం ఒక ఆడపిల్ల ఇంటికి రావడం కూడా చూశాను. ఇక నాకే కోరికా లేదురా!"

అతను కంటికి భూతద్దం తగిలించుకుని గీతకు గీత కలిపాడు. ఆమె సన్నటి పరికరంతో అంచున ఒక చుక్క, లేబుల్ దగ్గర ఒక చుక్క జిగురు పెట్టింది.

"కదలకండి. ఊపిరి బిగపట్టండి."

"మీరింత దగ్గరగా కూర్చుంటే అది దానంతటదే జరుగుతోంది," అనేసి నాలుక కరుచుకున్నాడు.

"పని చూడండి," అంది గట్టిగా. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

జిగురు ఆరింది. పాట పలికింది. కానీ చుట్టుకు రెండుసార్లు టక్, టక్. నిమిషానికి డెబ్బై ఎనిమిది చుట్లు, మూడు నిమిషాల పాట. ఆ టక్కులన్నిటినీ కంప్యూటర్‌లో ఒక్కొక్కటే చెరపాలి. ఆమె వెతికి చూపించడం, అతను చెరపడం. బయట వాన. లోపల రెండు కుర్చీల మధ్య జాగా వారం వారం తగ్గుతూ వచ్చింది.

మూడో ఆదివారం ఆమె రుసరుసలాడుతూ వచ్చింది.

"పన్నెండోది దొరికిందని ఇంటర్నెట్‌లో పెట్టేశారట! మా నాయనమ్మ కంటే ముందు లోకమంతా వినాలా? మీకు కావాల్సింది మీ సెట్టే కదా!"

"పాట పెట్టలేదండీ. లేబుల్ ఫోటో పెట్టానంతే. ఆ కోయిర్‌లో పాడినవాళ్ళు ఎవరైనా ఉంటారేమోనని." ఫోన్ ఆమె చేతికిచ్చాడు. "చదవండి."

ఒక పెద్దావిడ రాసింది. "రెండో చరణం పాడింది మా పొడుగు జడ. అది పాడుతుంటే మా మాస్టారు కళ్ళు తుడుచుకునేవారు. అదెలా ఉంది?"

పళ్ళ డాక్టరు ఆ మాటలు రెండుసార్లు చదువుకుంది. "సారీ" అన్నది అతనికి వినపడీ వినపడనట్టుంది.

క్రిస్మస్‌కి ముందు ఆదివారం, ఆరాధన అయ్యాక, చర్చి హాలు కిటకిటలాడిపోయింది. ముందు వరసలో నాయనమ్మ. పక్కన చేతులు కట్టుకుని ఆమె కొడుకు. వెనక, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన నలుగురు పెద్దావిడలు.

మెకానిక్ అతికించిన రికార్డును పక్కన నిలబెట్టి, కంప్యూటర్ మీట నొక్కాడు. ముందు అందరి గొంతులూ కలిసి వచ్చాయి. తర్వాత అన్నీ తప్పుకుని, ఒక్క గొంతు మిగిలింది. పశువుల పాకలోని పసిబిడ్డను నిద్రపుచ్చుతున్నట్టు, లేతగా, ధైర్యంగా.

"మా పొడుగు జడే!" అరిచింది వెనక నుంచి ఒకావిడ.

కొడుకు కట్టుకున్న చేతులు విడిపోయాయి. "అమ్మా, నువ్వేనా?"

నాయనమ్మ తలూపింది. ఆ పెద్దమనిషి లేచి హాలంతటికీ చూపించాడు. "మా అమ్మండీ! ఆ పాడేది మా అమ్మ!"

హాలంతా లేచి నిలబడింది. చప్పట్లు, మళ్ళీ వెయ్యమని కేకలు. నాలుగుసార్లు వేశారు. నాలుగోసారి ఆ నలుగురూ గొంతు కలిపారు. నాయనమ్మ పెదవులూ కదిలాయి.

సందడిలో పళ్ళ డాక్టరు మెకానిక్ పక్కకు చేరింది. "మీ సెట్ పూర్తయింది. ఇక ఆదివారాలు నాకు పని లేదు."

"రికార్డుకి రెండో వైపు ఉంది కదండీ."

"అదీ అయిపోయాక?"

అతను గుండె చిక్కబట్టుకున్నాడు. "అప్పుడూ రండి. పాట కోసం కాదు, నా కోసం. మీరంటే నాకు చాలా ఇష్టం."

"ఎంత ఆలస్యమండీ బాబూ! మూడు వారాల నుంచి ఈ మాట కోసమే టక్కులు లెక్కపెడుతున్నాను," అంటూ అతని చెయ్యి పట్టుకుంది.

ఎప్పుడు చూసిందో, నాయనమ్మ వేలితో ఇద్దర్నీ పిలిచింది. కొడుకు చెవిలో ఏదో గుసగుసలాడింది. ఆయన కూతురినీ, ఆ అబ్బాయినీ, కలిసి ఉన్న ఆ చేతులనూ చూసి గొంతు సవరించుకున్నాడు.

"మీ పెళ్ళిలో ఈ పాటే వెయ్యాలట. క్రిస్మస్ పాట కదా, వచ్చే క్రిస్మస్‌కి పెట్టుకుందామా?"

"అంత దూరమా?" అన్నారిద్దరూ ఒక్కసారే.