చీజ్ తీగకి వల ముడి

"చీజ్ కోసేది ఉందాండీ?"

జూలై నెల, మధ్యాహ్నం, బయట వాన. బందరులో మా స్టీలు సామాన్ల కొట్టు మెట్లెక్కి, గొడుగు దులుపుతూ అడిగిందామె. ఇడ్లీ పాత్రకీ, కుక్కరు గాస్కెట్‌కీ రోజూ ఎవరో ఒకరు వస్తారు. చీజ్ కోసేది కావాలన్న మొదటి మనిషి ఆమే. వంటింటి సామాను గురించి నాకు తెలిసినంత జిల్లాలో ఇంకొకరికి తెలియదని అప్పట్లో నా నమ్మకం. ఇప్పుడు కాస్త తగ్గిందనుకోండి.

"ఉందండీ. ఇప్పుడు దేంతో కోస్తున్నారు?"

"మా అమ్మ కత్తిపీట మీద కోస్తుంది. చేపలు కోసేదే. ముక్క బ్రెడ్డు కన్నా మందం. పైగా వంజరం వాసన."

పక్కన పేపరు చదువుతున్న మా నాన్న వేంకటేశ్వర్లు మాస్టారు కళ్ళజోడు పైనుంచి ఓసారి చూశారు. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. మా ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రాదు.

నేను గరిటెలాంటిది ఒకటి తీశాను. మధ్యలో పదునైన చీలిక, తళతళలాడుతోంది. "ఫారిన్ మోడలండీ, కళ్ళు మూసుకుని తీసుకెళ్ళండి" అన్నాను. బిల్లు మీద పేరు రాయించుకున్నాను. ఉమాదేవి, నాగాయలంక.

"రెండు బస్సులు మారి వచ్చారా?"

"అవనిగడ్డలో దొరకలేదండీ. చల్లపల్లిలోనూ అడిగాను."

ఆమె నవ్వుతూ వెళ్ళిపోయింది. కొట్టు కట్టేసే దాకా నాకు ఆ నవ్వే గుర్తొచ్చింది.

వారం తిరక్కుండా వచ్చి దాన్ని బల్ల మీద పెట్టింది. ఈసారి నవ్వు లేదు.

"ఇది కోయడం లేదు, గీకుతోంది. చీజంతా దీనికే అంటుకుంటోంది."

"వాడే పద్ధతి ఒకటుంటుందండీ."

"మీరు వాడి చూశారా?"

"లేదు."

"అసలు చీజ్ తింటారా?"

"మాది పెరుగన్నం ఇల్లండీ."

"ఈత రానివాడి దగ్గర పడవ కొన్నట్టుంది నా పని" అంది.

నాన్న పేపరు వెనక నుంచి దగ్గారు. అది దగ్గు కాదని నాకు తెలుసు. నాకు రోషం వచ్చింది. "వచ్చే శనివారం రండి. నేనే వాడి చూసి మరీ ఇస్తాను" అన్నాను.

ఆ వారమంతా అదే పని. విజయవాడ నుంచి నాలుగు రకాలు తెప్పించాను. చీజ్ దిమ్మలు కొని రోజూ కోశాను. నాన్నకి ఒక ముక్క ఇవ్వబోతే, "ఆ సబ్బు ముక్క నాకొద్దురా" అని ప్లేటు జరిపేశారు. నాకు మాత్రం విషయం తెలిసింది. మనకి దొరికే చీజ్ మెత్తన, రేకు కత్తికి అంటుకుంటుంది. దానికి సన్నటి తీగే సరి. తీగ బిగువుగా ఉండాలి, పిడి చేతికి కుదరాలి, కడిగితే సందుల్లో ఏమీ మిగలకూడదు.

శనివారం తీగ కట్టిన రకంతో ఆమె ఎదుటే కోసి చూపించాను. ముక్క కాగితంలా వచ్చింది.

"ఈత నేర్చుకున్నారే" అంది ఉమ.

వాన తగ్గేదాకా కూర్చుంది. విజయవాడలో హోటల్ మేనేజ్‌మెంట్ చదివిందట. ఇంటికొచ్చి అమ్మా నాన్నలకి శాండ్‌విచ్ అలవాటు చేసిందట. నాన్న వెంకటపతి సముద్రం మీద వేటకి వెళ్ళేటప్పుడు నాలుగు కట్టించుకుని మరీ పడవెక్కుతాడట. వాన తగ్గినా ఇంకో పావుగంట ఉంది. నేను బస్సు టైము గుర్తు చేయలేదు.

పది రోజులకి మళ్ళీ వచ్చింది. తీగ తెగింది.

"చీజ్ ఎక్కడ పెడుతున్నారు?" అని అడిగాను.

"ఐసు పెట్టెలో, చేపల పక్కన. మా ఇంట్లో ఏ సరుకైనా ఐసులోకే వెళ్తుందండీ. మా నాన్న ఊరుకోడు."

నాకు వెంటనే అర్థమైంది. గడ్డకట్టిన చీజ్ మీద నొక్కితే ఏ తీగైనా తెగుతుంది. ఆ ఒక్క మాట చెబితే చాలు. చెబితే తీగ తెగదు, తీగ తెగకపోతే ఉమ బందరు రాదు.

కొత్త తీగ బిగించి ఇచ్చాను. ఏమీ చెప్పలేదు.

ఆమె వెళ్ళాక నాన్న పేపరు మడిచారు. "ఐసులో పెడితే తెగుతుందని నాకే తోచింది. నీకు తోచలేదా?"

నేను తెగిన తీగ ముక్క తీసి చెత్తబుట్టలో వేశాను.

"తెలిసింది దాచి అమ్మడం కూడా దొంగ తూకమేరా, సుధన్వా" అన్నారు.

నాలుగు రోజులు అన్నం సయించలేదు. అయిదోరోజు ఆమె మళ్ళీ తెగిన తీగతో వచ్చేసరికి నిశ్చయించుకునే ఉన్నాను.

"చీజ్ ఐసులో పెట్టకండి. ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టండి. కోసే ముందు పది నిమిషాలు బయట ఉంచండి." చెక్క బల్లకి తీగ బిగించిన గట్టి రకం తీసి ముందు పెట్టాను. "ఇంతకన్నా మంచిది లేదు. పదేళ్ళు వస్తుంది. ఇక మీరు ఇంత దూరం రానక్కర్లేదు."

"రానక్కర్లేదా?"

"అక్కర్లేదండీ."

ఆమె చెక్క బల్ల సంచిలో పెట్టుకుని మెట్లు దిగింది. పెడన కలంకారీ చున్నీ కొస వానలో తడుస్తున్నా చూసుకోలేదు.

మూడు వారాలు గడిచాయి. నాగాయలంక వైపు బస్సు హారన్ వినబడినప్పుడల్లా తలెత్తేవాణ్ణి. ఆమెని నేనే పొమ్మన్నాను, మళ్ళీ నాకే దిగులు. మంచి సరుకు అమ్మినందుకు ఇంత బాధపడ్డ వ్యాపారి బందరులో ఇంకొకడు ఉండడు.

ఒక ఆదివారం పొద్దున, ఎండకి నల్లబడిన పెద్దమనిషి ఒకాయన లోపలికి వచ్చి బల్ల మీద చెక్క పలక పెట్టాడు. అది నేనిచ్చిందే. స్టీలు తీగ లేదు. దాని చోట వలకి వాడే నైలాన్ దారం, రెండు కొసలా చిన్న ముడులు. వేలితో మీటితే మోగింది.

"నా పేరు వెంకటపతండీ. ఉమ నాన్నని."

నేను లేచి నిలబడ్డాను.

"తీగ తెగిందని మా అమ్మాయి రెండుసార్లు బందరొచ్చింది. చిరిగిన వల ఎంత పొడవున్నా ఇంట్లోనే కట్టుకుంటామండీ మేము. నాకన్నా అదే బాగా ముడేస్తుంది. ఈ జానెడు తీగకి ఇంతదూరం ఎందుకా అనుకున్నాను."

నాకూ ఆ సంగతి తోచలేదు. జిల్లాలో నా అంత తెలిసినవాడు లేడు కదా.

"మీరు చెడిపోనిదిచ్చారు. మూడు వారాలు దాన్ని ముందేసుకుని కూచుంది. మొన్న వల కోసే బ్లేడుతో తీగ తెంపుతుంటే నా కంటపడింది. నేనే దారం కట్టి, అమ్మాయినీ వెంటబెట్టుకొచ్చాను. ఏవమ్మా, రా లోపలికి."

ఉమ మెట్ల మీద నిలబడి ఉంది. లోపలికొచ్చి నా వైపు కాకుండా కుక్కర్ల వైపు చూసింది.

"ఉమగారూ, ఐసు వల్ల తెగుతోందని నాకు మొదటిసారే తెలుసు. మీరు మళ్ళీ వస్తారన్న ఆశతోనే చెప్పకుండా దాచాను. తప్పు నాదే."

"నాకూ తెలుసు" అంది మెల్లగా. "ఐసులో పెట్టొద్దని కవరు మీదే రాసుంటుంది. మొదటిసారి చూసుకోలేదు. రెండోసారి చూసే పెట్టాను."

"నాకు మీరంటే ఇష్టం. సరుకు పాడవకపోయినా రండి."

"ఆ మాట ఆరోజే అనొచ్చుగా. రానక్కర్లేదంటే మూడు వారాలు ఏడ్చాను."

వెంకటపతిగారు మా నాన్న వైపు తిరిగారు. గొంతు కాస్త తగ్గింది. "మాస్టారూ, మాది చేపల ఇల్లు. మీది వేరు. మీ మాట వినకుండా నేనేమీ అననండీ."

నాన్న పేపరు మడిచి పక్కన పెట్టారు. చెక్క పలక దగ్గరికి లాక్కుని, ఆ ముడులని లెక్కల పేపరు దిద్దినట్టు అటూ ఇటూ తిప్పి చూశారు.

"సుధన్వా, నీ దగ్గర ఆ సబ్బు ముక్క ఉందా?"

లోపలి ఫ్రిజ్‌లోంచి తెచ్చాను.

"కొయ్యమ్మా" అన్నారు ఉమతో. "నాకొకటి పెట్టు."

ఉమ పలక మీద చీజ్ పెట్టి దారంతో కోసింది. ముక్క సన్నగా, సమంగా వచ్చింది. నాన్న దాన్ని నోట్లో వేసుకుని చాలాసేపు నమిలారు. మేం ముగ్గురం ఆయన మొహమే చూస్తున్నాం.

"ఉప్పు కాస్త ఎక్కువే" అన్నారు. "అలవాటు చేసుకుంటాలే."