శభాష్ చెప్పే కుందేలు

ఆఫీసర్ కారు దిగి రెండడుగులు కూడా వెయ్యలేదు. ఎదురు మేడ మీద నుంచి ఒకే ఒక్క తూటా. అంతే.

ఆ ప్రయాణం సంగతి డిపార్ట్‌మెంట్‌లో ముగ్గురికే తెలుసు. ముగ్గురూ నోరు విప్పలేదు. విప్పింది ఆయన కూతురు. వయసు ఆరేళ్లు.

"నేను కుందేలుకి చెప్పాను," అంది ఆ పాప, ఎదురుగా కూర్చున్న ఏజెంట్ కందిరీగతో. "అంతా ఇంగ్లిష్‌లోనే చెప్పాను. 'వెరీ గుడ్' అంది."

కందిరీగ లేచి వెళ్లి వాష్ బేసిన్ దగ్గర మొహం కడుక్కుంది. ఎంత కడుక్కున్నా మంట చల్లారలేదు.

ఆ సాయంత్రమే చీఫ్ పిలిపించాడు. డిపార్ట్‌మెంట్ మొత్తం ఆయన్ని పెద్దాయన అంటుంది.

"ట్యాబ్‌లో నోటి మాటతో నడిచే ఆట. పిల్ల 'జంప్' అంటే కుందేలు దూకుతుంది, 'ఓపెన్' అంటే తలుపు తెరుచుకుంటుంది. స్పోకెన్ ఇంగ్లిష్ వచ్చేస్తుందని తల్లిదండ్రులు ఎగబడి పెట్టిస్తున్నారు. నడిపేది విదేశీ గూఢచారుల ముఠా."

"నేనూ ఆడి చూశాను సార్. ఎన్ని తప్పులు మాట్లాడినా మెచ్చుకుంటోంది. 'ఐ గోయింగ్ స్కూల్' అంటే 'వెరీ గుడ్, ఇంకా చెప్పు' అంటోంది. దానిక్కావలసింది పిల్లల ఇంగ్లిష్ కాదు, ఇంటి గుట్టు."

"ఈసారి వాళ్ల కన్ను రాడార్ డిజైన్ చేసిన సైంటిస్టు మీద. ఆవిణ్ణి ఒక సేఫ్ హౌస్‌లో దాచాం. కొడుకు అమ్మమ్మ దగ్గరున్నాడు. నిన్ననే అమ్మని చూసొచ్చాడు. వాడూ ఈ ఆట ఆడతాడు."

"ఆ పిల్లాడి చేతిలో ట్యాబ్ లాక్కోకపోయారా?"

"అమ్మమ్మా మనవడూ ఏ ఊళ్లో ఉన్నారో నాకే తెలియనివ్వలేదు ఆ సైంటిస్టు. మన వాళ్లని కూడా నమ్మదట."

"తెలివైన మనిషి," అంది కందిరీగ.

పెద్దాయన ఆ ఎత్తిపొడుపు విననట్టు ఫైలు మూశాడు. "ఎంచుకున్న పిల్లలతో కుందేలు గొంతులో మనిషే లైవ్‌లో మాట్లాడుతుంది. ఆఫీసర్ చావు సంగతి తెలిసి ఆ డబ్బింగ్ ఆర్టిస్టు పారిపోయింది. ఆ గొంతు అచ్చు దించగల మనిషి కోసం వెతుకుతున్నారు. మిమిక్రీ వచ్చినదానివి, నువ్వే వెళ్లు. లోపల మన ఏజెంట్ నెమలి ఉంది. కోడ్ తెలుసుగా?"

మర్నాడు నెరిసిన విగ్గు, లావుపాటి కళ్లద్దాలు పెట్టుకుని కందిరీగ స్టూడియోలో అడుగుపెట్టింది. గోడల నిండా రంగురంగుల కుందేళ్లు. ప్రతి కుందేలుకీ చేటంత చెవులు.

నెమలి ఎదురొచ్చింది. పట్టుచీర, మెడలో ముత్యాలు, ముందు సెంటు వాసన, వెనక మనిషి. హోదా కంటెంట్ డైరెక్టర్.

"బయట వాన పడేలా ఉందా అమ్మా?" అంది నెమలి.

"గొడుగు ఇంట్లో మరిచిపోయాను," అంది కందిరీగ. కోడ్ కలిసింది.

నెమలి ఆమెను రికార్డింగ్ బూత్‌లోకి తీసుకెళ్లి తలుపు గడియ వేసింది. వెనక్కి తిరిగేసరికి చేతిలో పిస్టల్.

"ఆ కమ్మ తీసి ఇటివ్వు. మైక్ ఉన్న కమ్మలు నాకూ ఇచ్చారులే డిపార్ట్‌మెంట్ వాళ్లు." కమ్మను మడమ కింద వేసి నలిపింది. "కూర్చో. స్క్రీన్ మీద వచ్చింది వచ్చినట్టు చదువు. అవతల మావాళ్లు కారులో సిద్ధంగా ఉన్నారు. అడ్రస్ ఆ సైంటిస్టు కొడుకు నోట్లోంచి రావాలి, వీళ్లు బయల్దేరాలి."

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం ఎప్పుడు నేర్చుకున్నావే?"

"మైక్ ఆన్ అయింది. తిట్లు తర్వాత."

కందిరీగకు ఒక్కటే ఆశ. కమ్మ మూగబోతే మెట్లెక్కి వచ్చెయ్యమని, కింద వ్యాన్‌లో కమ్మ మైక్ వింటున్న తన టీమ్‌కు మాత్రమే చెప్పి వచ్చింది. పెద్దాయనకు కూడా చెప్పలేదు. కానీ మెట్లెక్కాలి, తలుపులు పగలగొట్టాలి. అంతవరకూ ఆ పిల్లాడి నోరు ఆగాలి.

స్పీకర్‌లో లేత గొంతు. "హలో రాబిట్!"

"హలో మై ఫ్రెండ్!" అంది కందిరీగ కుందేలు గొంతుతో. స్క్రీన్ మీద ప్రశ్న వచ్చింది. కణతకు పిస్టల్ ఆనింది. చదివింది. "వేర్ ఈజ్ యువర్ మమ్మీ?"

"మమ్మీ... మమ్మీ ఆర్ ఇన్..."

"తప్పు!" అంది కుందేలు. "ఆర్ కాదు, ఈజ్. మొదటి నుంచి చెప్పు."

పిల్లాడు తడబడ్డాడు. ఇన్నాళ్లలో కుందేలు ఆ మాట అనడం ఇదే మొదటిసారి. నెమలి కనుబొమలు ముడిపడ్డాయి గానీ, ఇంగ్లిష్ ఆటలో ఇంగ్లిష్ దిద్దితే కాదనడం ఎలా?

"మమ్మీ ఈజ్ ఇన్ బిగ్ హౌస్..."

"తప్పు! ఎ బిగ్ హౌస్. నోరు తెరిచి చెప్పు. మళ్లీ!"

ఆ గొంతు ఎక్కడిదో కందిరీగకు తెలుసు. బెత్తం బల్ల మీద కొడుతూ తన క్లాసు క్లాసునంతా మూగవాళ్లను చేసిన టీచరుది. ఆ గొంతును ఆమె జన్మంతా అసహ్యించుకుంది. ఇప్పుడు అదే గొంతుతో ముక్కూమొహం తెలియని పసివాణ్ణి కొరుకుతోంది.

"మమ్మీ ఈజ్ ఇన్ ఎ బిగ్ హౌస్ నియర్ ద..."

"తప్పు! ఎన్నిసార్లు చెప్పాలి? ఇంతేనా నీకొచ్చింది?"

స్పీకర్‌లో చిన్న ఎక్కిళ్లు.

ఇదంతా కావాలనే వాడి నోరు మూయించడమని నెమలికి అప్పుడు తట్టింది. కందిరీగను పక్కకు నెట్టి మైక్ అందుకుంది. "డార్లింగ్! నియర్ ద... నియర్ వాట్? టెల్ మీ!"

"నువ్వు కుందేలువి కాదు," అన్నాడు పిల్లాడు ఏడుపు గొంతుతో, తెలుగులో. "నేను ఆడను. ఇంగ్లిషూ మాట్లాడను. పో!"

స్క్రీన్ నల్లబడింది. నెమలి పిస్టల్ ఇటు తిప్పేలోగా తలుపు విరిగి లోపల పడింది. వ్యాన్‌లోని నలుగురూ రొప్పుతూ ఆమె మీద పడ్డారు.

బేడీలు పడ్డాక నెమలి ముత్యాలు సర్దుకుని నవ్వింది.

"ఒక్క మాట కందిరీగా. మేం దొంగలమే. కానీ ఆ పిల్లలు మా దగ్గర గలగలా మాట్లాడారు. మీ దగ్గర నోరు మూసుకున్నారు. ఆలోచించుకో."

కందిరీగ చెయ్యి లేచింది. కొట్టలేదు. ఆ మాటలో అబద్ధం ఉంటే కొట్టి ఉండేది.

మరుసటి వారం పెద్దాయన మీటింగ్ పెట్టాడు. కారులోని ముఠా దొరికిందనీ, సైంటిస్టు క్షేమమనీ చెప్పి, గవర్నమెంటే సొంతంగా అలాంటి ఆట తయారుచేస్తుందని ప్రకటించాడు. ముగ్గురు పెద్ద పండితులు ప్లాన్ చూపించారు. పిల్లాడు తప్పు మాట్లాడగానే ఎర్ర లైటు, బజర్ మోత, మార్కుల కోత.

"ఆ బాబు ఎలా ఉన్నాడు సార్?" అని అడిగింది కందిరీగ.

"బ్రహ్మాండంగా ఉన్నాడు. ఇంగ్లిష్ అంటే మాత్రం మంచం కింద దూరుతున్నాడట. పిల్లాడేగా, మర్చిపోతాడు. ఇంతకీ ప్లాన్ ఎలా ఉంది?"

కందిరీగ ఆ బజర్ బొమ్మ ఉన్న కాగితాన్ని అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి చింపి ఆయన టీ కప్పు కింద పెట్టింది.

"నెమలిని ఏ జైల్లో పెట్టారో చెప్పండి సార్. పిల్లల్ని మాట్లాడించే ఆట డిజైన్ తెలిసిన మనిషితో ఓ గంట మాట్లాడాలి."