బిస్సావ్ నుంచి ఏడు గంటలు

"ఆ తొమ్మిదిమంది ప్రతినిధుల్లో ఒకరు నకిలీ. సంతకం పెట్టేలోపే మంత్రిగారిని..."

ఫ్రీటౌన్ చేపల రేవులో ఇన్ఫార్మర్ అంతవరకే చెప్పగలిగాడు. సైలెన్సర్ తుపాకీ మిగతా మాట పూర్తి కానివ్వలేదు. ఏజెంట్ కపాసా చేతుల్లోనే అతని ప్రాణం పోయింది.

ఫ్రీటౌన్ నుంచి ఆ సంతకాలు జరిగే లుసాకాకు సూటిగా కొలిస్తే అయిదు వేల మూడు వందల కిలోమీటర్లు. ఆరున్నర గంటల ప్రయాణం. అలాంటి విమానం ఉంటేగా! కపాసా అక్రాలో పదకొండు గంటలు బెంచీ మీద పడి ఉన్నాడు. అడిస్ అబాబాలో కనెక్షన్ తప్పింది. ముప్పైమూడు గంటల తర్వాత లుసాకాలో దిగితే, గాడ్జెట్లున్న అతని సూట్‌కేసు ఇంకెక్కడో దిగింది. రెండు దేశాల మధ్య నేరుగా ఒక్క విమానం నడపలేని పెద్దమనుషులందరి మీదా అతనికి ఒళ్లు మండిపోయింది.

"మూడింటికి సంతకం. ఇప్పుడు రెండున్నర," అన్నాడు గూఢచారి శాఖ చీఫ్ హచిపుకా. "తొమ్మిది దేశాలూ కలిసి ఖనిజాల ధర కడితే వాటిని ఇన్నాళ్లూ కారుచౌకగా కొంటున్న విదేశీ ముఠా కొంప మునుగుతుంది. మీటింగ్ ఆపితే వాళ్లే గెలిచినట్టు. పాస్‌పోర్టులన్నీ చూశాం, ఒక్క తేడా లేదు."

"మంత్రిగారికి చెప్పారా?"

"చెప్పా. 'చస్తే సంతకం పెట్టాకే చస్తా' అన్నారు నమూకోలో అమ్మ."

కపాసా వెయిటర్ వేషంలో టీ ట్రే పట్టుకుని హాల్లోకి నడిచాడు. అక్కడ ఒకటే గోల.

"నా సూట్‌కేసు నైరోబీలో షికారు చేస్తోంది! ఈ చొక్కా హోటల్ మేనేజర్‌ది," అంటున్నాడు బాంజుల్ ప్రతినిధి.

"నీదే నయం అన్నా! నన్ను పారిస్ తిప్పి తెచ్చారు. ఆఫ్రికా నుంచి ఆఫ్రికాకి రావడానికి యూరప్ చూడాలట, వీళ్ల మొహం మండ!" అన్నాడు కొనాక్రీ ప్రతినిధి.

ఫ్రీటౌన్‌లాగే పడమటి తీరాన ఉన్న బిస్సావ్ నుంచి వచ్చిన డాక్టర్ ఎడ్మీరా మాత్రం మడత నలగని పట్టు గౌనులో నవ్వుతూ కూర్చుంది. ఆమె అందం చూసి చెంచాలు కప్పుల్లో ఆగిపోతున్నాయి.

"ప్రయాణం ఎలా జరిగింది మేడమ్?" అడిగాడు కపాసా.

"హాయిగా! అయిదు వేల ఏడు వందల కిలోమీటర్లు, ఏడు గంటలు. ఓ కునుకు తీసేసరికి లుసాకా!"

కపాసాకు కుళ్లు పుట్టింది. ఆ విమానమేదో తనకెందుకు దొరకలేదు? నాలుగడుగులు వేసి టక్కున ఆగాడు. అలాంటి విమానమే లేదు. ఆ ఏడు గంటలు ఏ దూరదేశపు ఆఫీసులోనో మ్యాప్ మీద గీత గీసి లెక్క కట్టినవి.

వెనక్కి తిరిగేసరికి ఎడ్మీరా మంత్రి పక్కన ఉంది. "మా దేశం కానుక," అంటూ బంగారు పెన్ను అందించింది. రెండు యాభైతొమ్మిది. మంత్రి వేలు పెన్ను మూత మీద పడబోతోంది.

కపాసా ట్రే విసిరాడు. పెన్ను ఎగిరి నేల మీద పడింది. మూతలోంచి సన్నటి విషపు సూది బయటికొచ్చింది.

"చీరేస్తాను నిన్ను, కొత్త గౌను!" అని టీ తుడుచుకుంటూనే మంత్రి ఆ సూదిని చూశారు. పక్కవాడి పెన్ను లాక్కుని గబగబా సంతకం పెట్టేశారు.

బేడీలు వేస్తుంటే ఎడ్మీరా ఉక్రోషంగా అడిగింది. "మాట, నడక, తిండి, అన్నీ ఏడాది నేర్చుకున్నా. దూరంలో కూడా కిలోమీటరు తేడా లేదు. ఎక్కడ పొరబడ్డాను?"

"లెక్క కరెక్టే మేడమ్," అన్నాడు కపాసా. "మీ వాళ్లు విమానాల్ని తిట్టడం ఒక్కటే నేర్పలేదు."