రెండు కార్బ్యురేటర్ల కారు

"షెడ్డు తాళం ఎక్కడ నాన్నా?" టీ తాగుతూ అడిగాడు కొడుకు.

"పాలా? ఫ్రిజ్‌లో ఉన్నాయి చూడు," అన్నాడు తండ్రి, పేపరులోంచి తల ఎత్తకుండా.

కోడలికి నవ్వొచ్చింది. భర్త ముఖం చూసి ఆ నవ్వును అక్కడే మింగేసింది.

ఇంటి వెనక షెడ్డులో ఎర్రటి పాత స్పోర్ట్స్ కారు ఉంది. రెండే సీట్లు, యాభై ఏళ్ల వయసు. రిటైరైన ఒక డాక్టరమ్మది. అలాంటి బళ్లు బాగుచేయడానికి మామయ్య పెట్టింది పేరు. ఈ కారు మాత్రం రెండుసార్లు బాగుచేసి పంపినా వణుక్కుంటూ తిరిగొచ్చింది.

"సాయంత్రం ఆవిడొస్తే కారు ఇచ్చేసి షెడ్డు మూసేద్దాం. ఉన్న పేరు కాస్తా పోగొట్టుకోకు," కొడుకు గొంతు పెంచాడు.

ఈసారి వినపడింది. "ఏం, నా చేతులు పడిపోయాయా?"

"చేతులు కాదు నాన్నా, చెవులు! నీకు వినపడదు. నువ్వు ఒప్పుకోవు."

"నాకు చెవుడా? నోట్లో నోట్లో గొణుక్కుంటూ నన్నంటావేంట్రా!" కప్పు ఠపీమని బల్లమీద పెట్టి ఆయన షెడ్డులోకి వెళ్లిపోయాడు.

కాసేపాగి కోడలు వెనకే వెళ్లింది. ఇంజను నడుస్తోంది. మామయ్య ఒక రబ్బరు గొట్టం కొసను చెవిలో పెట్టుకుని, రెండో కొసను ఇంజను పక్కనున్న రంధ్రం దగ్గర పట్టుకున్నాడు. ఆ పక్క రంధ్రానికి మార్చాడు. మళ్లీ మొదటిదానికి. చివరికి గొట్టం దించేసి ఇంజను ఆపి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు.

ఆమెకు విషయం అర్థమైంది. దగ్గరగా వెళ్లి, చెవి పక్కన నిదానంగా అంది. "మామయ్యా, ఇదెలా పనిచేస్తుందో నాకు నేర్పరూ?"

"వాడు పంపాడా?"

"నేనే వచ్చాను. రోజంతా ఆఫీసు ఫోన్లో జనం తిట్లు వినే ఉద్యోగం నాది. ఇదైనా తిట్టదు కదా!"

ఆయన ముఖం కాస్త విచ్చుకుంది.

"నాలుగు సిలిండర్లమ్మాయ్. ఒక్కోటీ గాలీ పెట్రోలూ పీలుస్తుంది, గట్టిగా నొక్కుతుంది, నిప్పురవ్వ తగలగానే మండి పిస్టన్ని తోస్తుంది, ఆ పొగ బయటికి వదులుతుంది. ఆ గాలీ పెట్రోలూ కలిపి అందించేవి ఈ రంధ్రాలున్న రెండు కార్బ్యురేటర్లు. రెండూ సమానంగా పీల్చాలి. ఒకటి ఎడ్డెమంటే ఇంకోటి తెడ్డెమందనుకో, ఇంజను వణుకుతుంది."

"ఏది ఎక్కువ పీలుస్తోందో ఎలా తెలుస్తుంది?"

ఆయన గొట్టం ఆమె చేతిలో పెట్టి, "వినాలి," అన్నాడు మెల్లగా.

మళ్లీ ఇంజను నడిపారు. ఆమె చెవి ఒగ్గి వింది. "ముందుది బుసకొడుతోంది. వెనకదానికి జలుబు చేసినట్టుంది మామయ్యా!"

ఆయన పకపకా నవ్వాడు. రెంటినీ కలిపే కడ్డీ వదులు చేశాడు. "వెనకదాని స్క్రూ పావుచుట్టు బిగించు."

ఆమె ఇంకాస్త తిప్పింది. ఇంజను రయ్యిమని లేచింది.

"పావంటే పావేనమ్మా! నీదేమైనా ధర్మగుణమా?"

ఆమె వినడం, చెప్పడం. ఆయన స్క్రూ చూపించడం. గంట దాటాక రెండు బుసలూ ఒకే తీరున వినిపించాయి. చెప్పడానికి ఆమె తలెత్తేసరికి, మామయ్య కారు మీద అరచేయి ఆనించి నిలబడి ఉన్నాడు. వణుకు లేదు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

సాయంత్రం డాక్టరమ్మ కారులో వీధి చుట్టూ తిరిగొచ్చి, "మీ చెయ్యి మీ చెయ్యేనండీ!" అంది సంబరంగా.

కొడుకు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. తండ్రి గుడ్డతో చేతులు చాలాసేపు తుడుచుకున్నాడు.

"నాది కాదండీ, మా కోడలిది. నాకు వినపడటం లేదు. రెండేళ్లయింది. చెబితే షెడ్డు మూయించేస్తారని భయపడ్డాను."

కొడుకు గబగబా వచ్చి ఆయన భుజం పట్టుకున్నాడు. చెవి దగ్గర నోరు పెట్టి, "మూయించను నాన్నా. దూరం నుంచి అరిచానే గానీ, ఒక్కసారైనా ఇలా దగ్గరికొచ్చి మాట్లాడలేదు," అన్నాడు. "రేపే చెవి డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"వస్తానురా. కానీ ఎల్లుండి వెళ్దాం," అన్నాడు తండ్రి, కొడుకు చెయ్యి వదలకుండా. "రేపు కూడా అమ్మాయికి సెలవే. స్పార్కు ప్లగ్గులు విప్పడం నేర్పాలి."