నాయనమ్మ మీద ఒట్టు

పదకొండు రోజులుగా అత్తగారు ఒక్క మాటైనా అని సాధించలేదు. వేరే గరిటె ఎందుకనలేదు, వేరే మిక్సీ జార్ ఎందుకనలేదు, మా కాలంలో ఇన్ని వేషాలు లేవని పక్కింటావిడతో గోడ మీంచి చెప్పుకోనూ లేదు. మరో కోడలైతే హాయిగా ఊపిరి పీల్చుకునేది. ఈ కోడలికి మాత్రం గుండెల్లో రాయి పడింది. వేరుశెనగ గింజ పేరెత్తితే చాలు కత్తులు నూరుకునే ఇద్దరి మధ్య ఇంత శాంతి ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకు అంతుపట్టలేదు.

కూతురికి ఆరేళ్ళు. సన్నగా ఉండి, గలగలా మాట్లాడుతుందని ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. రెండేళ్ళప్పుడు బంధువుల ఇంట్లో ఎవరో ముద్దుచేసి వేరుశెనగ మిఠాయి ముక్క నోట్లో పెట్టారు. పెదాలు వాచి, గొంతు మూసుకుపోయి, ఆస్పత్రికి చేరేసరికి పిల్ల నీలం రంగుకు తిరిగింది. అప్పటినుంచి ఆ తల్లి సంచీలో పెన్నులాంటి ఇంజక్షన్ లేకుండా గడప దాటలేదు. గోరంత పొడి తగిలినా ప్రాణం మీదికి వస్తుందని డాక్టరమ్మ చెప్పిన మాట ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళకీ అప్పజెప్పేది. చుట్టాలు ఆమెకు చాదస్తం అని పేరు పెట్టారు.

అత్తగారి లెక్క వేరు. ఆవిడ ముప్ఫై ఏళ్ళు అద్దకం మిల్లులో రంగు తొట్ల దగ్గర పనిచేసిన మనిషి. చేరిన కొత్తలో మోచేతుల దాకా చర్మం ఊడిపోయిందట. రోజూ ముంచగా ముంచగా చేతులు మొద్దుబారి, ఇక ఏ రంగూ ఏమీ చేయలేదట. "ఒంటికి ఏదైనా అలవాటు చెయ్యాలి, అంతే. నా చేతులు చూడు" అంటూ గోళ్ళ చుట్టూ ఇంకా వదలని నీలం చూపించేది. ఆ మాట వినబడినప్పుడల్లా కోడలికి ఒళ్ళు జలదరించేది.

ఆ మధ్యాహ్నం ఆమె తను పనిచేసే కళ్ళద్దాల దుకాణం నుంచి భోజనానికి ఇంటికి వచ్చింది. లారీ తోలే భర్త ఊళ్ళో లేడు. పిల్లకు సెలవు. తలుపు ఓరగా తీసి ఉంది, లోపల చడీచప్పుడూ లేదు. వంటింట్లో పిచ్చుక పీట మీద కూర్చుని మెడ గోక్కుంటోంది. అత్తగారు తోమిన గిన్నెనే మళ్ళీ తోముతోంది.

"ఏం తిన్నావే?"

పిల్ల తల అడ్డంగా ఊపింది. మెడ మీద ఎర్రటి దద్దుర్లు, చెవుల దాకా పాకుతున్నాయి.

"అత్తయ్యా, దీనికేం పెట్టారు?"

"నేనేం పెడతానమ్మా. రోజూ పెట్టేదే."

సంచీలోంచి ఇంజక్షన్ తీసింది కానీ చెయ్యి ఆగిపోయింది... పోయిన నెల చెమటకాయలు చూసి ఇలాగే హడలిపోయి ఆస్పత్రికి పరుగెత్తితే కట్టుకున్నవాడు కూడా నవ్వాడు, పిల్లకున్న జబ్బు నీ భయమేనన్నాడు. ఆ నవ్వు గుర్తొచ్చి, కన్నతల్లి అయి ఉండి కూడా తన కళ్ళను తనే నమ్మలేకపోయింది.

"చెప్పమ్మా. కొట్టను, తిట్టను. చెప్పు తల్లీ."

పిచ్చుక రెండు చేతులతో నోరు మూసుకుంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, గొంతులోంచి సన్నని ఈల వస్తోంది, అయినా నోరు విప్పదు. చూపు అమ్మ మీద లేదు. నాయనమ్మ మీద ఉంది. ఆ చూపులో ఉన్నది దెబ్బల భయం కాదు. తన ఊపిరి ఆగిపోతుంటే ఆ పసిది మరెవరి ప్రాణానికో భయపడుతోంది!

అత్తగారి చేతిలో గిన్నె జారిపోయింది. "చెప్పెయ్యవే... ఒట్టు తీసి గట్టున పెట్టేశాను. నాకేం కాదే బంగారూ, చెప్పెయ్."

"పొడి..." అంది పిల్ల. "చెంచాడు..."

తల్లి ఇక ఆగలేదు. పిల్ల తొడలో ఇంజక్షన్ గుచ్చి, భుజాన వేసుకుని, ఎదురింటి వాళ్ళ కారు కోసం వీధిలోకి పరుగెత్తింది. అత్తగారు వెనకే వచ్చి కారెక్కింది.

గండం గడిచిందని డాక్టరమ్మ చెప్పాక ఆస్పత్రి వరండాలో అత్తగారు నోరు విప్పింది. "మొదటి రోజు వేరుశెనగ పొడి గోటికి అంటినంతే పెట్టాను. ఏం కాలేదు. ఎవరికైనా చెబితే నేను చచ్చిపోతానని ఒట్టు వేయించుకున్నా. రోజుకింత పెంచుతూ వచ్చాను. నిన్న పావు చెంచా, నిన్నా ఏం కాలేదమ్మా. రేపు దాని స్నేహితురాలి పుట్టినరోజు. అందరూ కేకు తింటుంటే ఇదొక్కతే ఇంటినుంచి తెచ్చుకున్న డబ్బా పట్టుకుని మూల కూర్చుంటుంది, నేను చూడలేను... ఇవాళ తొందరపడ్డాను."

"అలా అలవాటు చేసే వైద్యం ఉంది" అంది డాక్టరమ్మ. అత్తగారి మొహం ఒక్క క్షణం వెలిగింది. "కానీ అది మేము తూచి ఇచ్చి, గంటల తరబడి పక్కనే ఉండి చూసుకోవాలి. అప్పుడు కూడా ప్రమాదమే. వంటింట్లో చెంచాతో చేసేది కాదు."

కోడలు చూసింది ఆ వెలుగునే. "మీరు ఇంటికి వెళ్ళండి. మీ అబ్బాయి రాగానే మీ కూతురింట్లో దింపి రమ్మంటాను. ఇక నా బిడ్డ కంటికి కనిపించకండి."

ఆవిడ లేచింది. చెప్పులు వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

సాయంత్రానికి పిచ్చుక కళ్ళు తెరిచింది. గదంతా వెతికి చూసింది. "నాయనమ్మ ఏదీ?"

"ఇంటికెళ్ళింది."

"అబద్ధం. నేను చెప్పేశాను కదా... చచ్చిపోయిందా అమ్మా?"

"ఒట్టు తీసేసిందిగా తల్లీ, నీ ముందే."

"నాకు భయమేసి చెప్పేశాను. చెప్పకుండా ఉండాల్సింది." పిల్ల ముక్కు దగ్గరి గొట్టం పీకేసి మంచం దిగబోయింది. ఊపిరి మళ్ళీ ఎగదన్నుతోంది. నర్సు గబగబా వచ్చి పట్టుకుంది.

తల్లి వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుంది. అత్తగారి మొహం చూడకూడదని తను కూడా మనసులో ఒట్టు పెట్టుకుని మూడు గంటలైనా కాలేదు. ఫోన్ చేసింది. "అత్తయ్యా, రండి. మీరు బతికే ఉన్నారని దానికి చూపించాలి" అంది.

ఆవిడ వచ్చింది. పిచ్చుక నాయనమ్మ బుగ్గలు తడిమి, ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసి, అప్పుడు నవ్వింది. నర్సు తెచ్చిన గంజి గిన్నె బల్ల మీద పెట్టి వెళ్ళింది. అలవాటుగా పిల్ల నాయనమ్మ వైపు తిరిగి నోరు తెరిచింది.

అత్తగారు చేతులు రెండూ కొంగు కింద దాచుకుంది. "మీ అమ్మ పెడుతుంది తిను. నేను పెడితే తినకే తల్లీ. ఎంత బతిమాలినా, ఎప్పుడూ తినకు. ఇది ఎవరికైనా చెప్పొచ్చు."

పిచ్చుక బుద్ధిగా తల ఊపింది. నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో పిల్ల తిండికి అడ్డుచెప్పే ఆ ఒక్క మాట కోసమే పోరాడిన కోడలు, గిన్నె చేతిలోకి తీసుకుంది కానీ అత్తగారి వైపు చూడలేకపోయింది.