ఎక్కుడు దారిలో టిక్కుటిక్కు

మా అక్కావాళ్ళ ఇల్లు మూడో అంతస్తులో. లిఫ్టు లేదు. మా బావ మెట్లెక్కుతున్నాడంటే బిల్డింగంతటికీ తెలిసిపోతుంది. మొదటి మలుపులో ఆగి రొప్పుతాడు. రెండో మలుపులో రెయిలింగ్ పట్టుకుని, "ఇదిగో, నేను పోతే ఇంటి ఓనరు మీద కేసు పెట్టు!" అని పైకి కేకేస్తాడు. "ముందు ఎక్కండి, తర్వాత పోదురుగాని" అంటుంది అక్క.

అలాంటి మనిషిని కొండ మీద సైకిల్ రేసుకి లాక్కెళ్ళింది నేనే. అది జోడీ రేసు. ఇద్దరూ కలిసి బయల్దేరాలి, కలిసే గీత దాటాలి. నా జోడీగాడు మోకాలికి దెబ్బ తగిలించుకుని ఆఖరి నిమిషంలో చేతులెత్తేశాడు. నేనేమో కొత్త సైకిలు కొనుక్కుని, ఎప్పుడెప్పుడా అని ఉన్నాను. తేలికపాటి ఫ్రేము, వెనక చక్రం ఎంత తిరిగినా చప్పుడే చెయ్యని రకం. నా పాతది బావకిచ్చి, బతిమాలి, బుజ్జగించి ఒప్పించాను.

అక్క బావకి హెల్మెట్ తనే పెట్టి, గడ్డం కింద బిగించింది. తర్వాత నా వైపు తిరిగింది.

"సైకిలెక్కితే నీకు ఒళ్ళు తెలీదు. ఈయన్ని ఎక్కడో వదిలేసి ఒక్కడివే వచ్చావో, గుమ్మం తొక్కనివ్వను."

"నీ మొగుణ్ణి తెచ్చి నీకు అప్పజెప్పే పూచీ నాది. సరేనా తల్లీ?" అన్నాను.

ఇక్కడొక సంగతి చెప్పాలి. నేను కుట్టు మిషన్లు రిపేరు చేస్తాను. చప్పుడు వింటే చాలు, జబ్బేంటో చెప్పేస్తాను. నా పాత సైకిలు వెనక చక్రంలో, ఫ్రీవీల్ పన్ను ఒకటి విరిగింది. టిక్ టిక్ టిక్ టిక్ అని మోగి, ఒక్కచోట తప్పి, మళ్ళీ టిక్ టిక్. నిద్రలో విన్నా గుర్తుపడతాను. తొక్కడం ఆపేసి, సైకిలు దాని మానాన అది పోతున్నప్పుడే ఆ చప్పుడొస్తుంది. తొక్కుతున్నంతసేపూ కిక్కురుమనదు. ఏ సైకిలైనా అంతే.

పొద్దున్నే మొదలైంది రేసు. మొదటి దిగుడులో నా వెనకే టిక్కుటిక్కు, దాని వెంట బావ కేకలు. "ఒరేయ్ రాకెట్టూ, మెల్లిగా పోరా! వెనక సంసారిని ఉన్నాను!" నాకు నవ్వాగలేదు. కొత్త సైకిలు రాళ్ళ మీద కూడా అలా జారిపోతూ ఉంటే, చిన్నపిల్లాడిలా కేకలు పెట్టాను.

చెట్లలోకి వచ్చేసరికి మంచు దిగింది. నా ముందు చక్రం తప్ప ఇంకేం కనపడలేదు. తడి మట్టి వాసన, కుళ్ళిన ఆకుల వాసన. మిగతా జోడీల కేకలు ఒక్కొక్కటే దూరమై, కాసేపటికి అసలు వినపడకుండా పోయాయి.

అక్కణ్ణించి నిట్టనిలువు ఎక్కుడు. దారి ఒక్క సైకిలు పట్టేంత. కుడి పక్క కొండరాయి, ఎడమ పక్క లోయ. మామూలుగా రేసులో వెనకవాడు దాటాలంటే, తను ఏ పక్క నుంచి వస్తాడో ఆ పక్క పేరు అరుస్తాడు. ముందున్నవాడు వెనక్కి చూడకుండా రెండో పక్కకి జరగాలి. అదొక అలవాటు, చేతులకి వచ్చేస్తుంది. ఈ అంచు దారిలో మాత్రం ఎవరూ ఎవర్నీ దాటకూడదని ముందే గట్టిగా చెప్పారు. "నేను దాటడమా? నాకంత సీన్ లేదు బాబూ" అన్నాడు బావ అప్పుడు.

తొక్కుతున్నాను. తొడలు మండిపోతున్నాయి. వెనక బావ రొప్పు వినిపిస్తోంది.

"ఉన్నావా బావా?"

"ఆ... ఉన్నా... పో..."

కొంత దూరం పోయాక రొప్పు ఆగిపోయింది. దిగి చూద్దామని బ్రేకు మీద వేళ్ళు వేశాను. అంతలో వెనక నుంచి టిక్ టిక్ టిక్ టిక్... తప్పి... టిక్ టిక్. హమ్మయ్య, వస్తున్నాడు. మళ్ళీ తొక్కాను.

నాలుగు తొక్కులు తొక్కానో లేదో, ఒళ్ళంతా చల్లబడిపోయింది.

ఇది ఎక్కుడు.

తొక్కడం ఆపితే సైకిలు ఆగిపోవాలి. వెనక్కి జారాలి. ఇది ఆగట్లేదు. పైకి వస్తోంది. తొక్కకుండా వస్తోంది. టిక్ టిక్ టిక్ టిక్... తప్పి...

"బావా?" అన్నాను, వెనక్కి చూడకుండా. "బావా, తొక్కుతున్నావా?"

"తొక్కక్కర్లేదురా" అన్నాడు.

బావ గొంతే. కానీ రొప్పు లేదు. ఇంట్లో సోఫాలో కూర్చుని మాట్లాడినట్టు, తాపీగా.

చప్పుడు దగ్గరకొచ్చింది. చెవి వెనక చల్లటి గాలి. నానిన ఇనుము వాసన.

"కుడి" అంది ఆ గొంతు, గుసగుసగా. "దారియ్యి."

చేతులు వాటంతటవే హ్యాండిల్ ఎడమకి తిప్పేశాయి! ముందు చక్రం కింద రాళ్ళు జారి లోయలోకి పోయాయి. కింద పడ్డ చప్పుడు... రాలేదు. చచ్చీ చెడీ కుడివైపుకి పడ్డాను. మోచెయ్యి రాయికి గీరుకుపోయింది. కళ్ళు మూసుకుని రాయిని కరుచుకున్నాను. ఆ చప్పుడు నా భుజం పక్కదాకా వచ్చి ఆగింది.

కళ్ళు తెరిస్తే మంచు. ఎవరూ లేరు.

మళ్ళీ టిక్ టిక్ మొదలైంది. ఈసారి కిందికి పోతోంది. బావ ఉన్న వైపుకి.

సిగ్గు విడిచి చెప్తున్నా, పైకి పారిపోవాలనిపించింది. కానీ హెల్మెట్ బిగిస్తున్న అక్క చేతులు కళ్ళ ముందు మెదిలాయి. సైకిలు తిప్పుకుని, నడిపించుకుంటూ దిగాను.

మలుపు తిరిగేసరికి దారి మధ్యలో బావ కూర్చుని ఉన్నాడు. పాత సైకిలు తలకిందులుగా ఉంది. ఊడదీసిన వెనక చక్రం ఒళ్ళో పెట్టుకున్నాడు.

"చైను తెగి చుట్టుకుపోయింది" అన్నాడు.

పట్టుకుని భోరున ఏడ్చేశాను. బావ చొక్కా పొడిగా ఉంది. నాదేమో పిండితే బకెట్టు నిండేలా ఉంది. బావ చెయ్యి మంచుముక్క. ఇంతసేపు ఈ చలిలో కూర్చుంటే చల్లబడదా మరి అనుకున్నాను.

రేసు వదిలేసి వెనక్కి నడిచాం. నేను సైకిళ్ళు రెండూ ఈడుస్తున్నాను, బావ చక్రం పట్టుకుని ముందు నడుస్తున్నాడు. కొంత దూరం వచ్చాక లోయ వైపు నుంచి, ఎక్కడో బాగా కింద నుంచి, సన్నగా వినిపించింది.

"ఆ... ఉన్నా... ఆగరా..."

ఆగిపోయాను. "విన్నావా బావా?"

"గాలి" అన్నాడు, వెనక్కి తిరక్కుండా.

నాకు భయమేసింది. గాలే అనుకున్నాను. అనుకోవాలనుకున్నాను. నడిచాను.

కారులో బావ ఒక్క జోకు వెయ్యలేదు. మధ్యాహ్నానికి ఇంటికి చేరాం. తను దిగి ముందే మెట్ల వైపు వెళ్ళాడు. నేను డిక్కీ తీసి పాత చక్రం చేతిలోకి తీసుకున్నాను.

మెట్ల మీద రొప్పు వినపడలేదు. మొదటి మలుపులో ఆగలేదు. రెండో మలుపులో కేకెయ్యలేదు.

టిక్ టిక్ టిక్ టిక్... తప్పి... టిక్ టిక్.

నా చేతిలో చక్రం కదలడం లేదు. రెండు చేతులతో గట్టిగా పట్టుకునే ఉన్నాను.

"అబ్బో! ఇవాళ ఎక్కడా ఆగకుండా ఎక్కేశారే!" పైన అక్క గొంతు, సంబరంగా. వరండాలోంచి తల వంచి నన్ను చూసి నవ్వింది. "అన్న మాట నిలబెట్టుకున్నావురా. మా ఆయన్ని మాకు తెచ్చిచ్చావ్. రా పైకి!"

అక్కా అని అరవబోయాను.

అప్పటికే ఆమె లోపలికి వెళ్ళిపోయింది. ఆమె వెనకే టిక్కుటిక్కు కూడా గుమ్మం దాటింది. తలుపు మూసుకుంది.