నా పేరు పెట్టని చోటు

విజయనగరంలో మా ఆఫీసు మూడో అంతస్తులో ఉంటుంది. కిటికీలోంచి చూస్తే బస్సులు, కింద చెరుకురసం బండి. దెయ్యాల గురించి మాట్లాడే చోటు కాదిది. నేనూ వాటిని నమ్మే మనిషిని కాదు. నాది కంప్యూటర్ల పని. ఒకటి పాడైతే ఎందుకు పాడైందో తేలేదాకా నాకు అన్నం సయించదు. అందుకే ఈ పది రోజులుగా సరిగ్గా తినలేదు.

మాది కళింగపట్నం. వారమంతా ఇక్కడ హాస్టల్లో ఉండి శనివారం ఇంటికి వెళ్తాను. మా ఆయన కొండబాబు బోటు మీద వేటకు వెళ్తాడు. చేప బాగా దొరికిన చోటు ఎక్కడుందో సొంత తమ్ముడికి కూడా చెప్పడు. బోటులోని జీపీఎస్ డబ్బాలో ఉంచితే ఎవరో ఒకరు చూస్తారని, ఒడ్డుకు రాగానే ఆ చోటు చూపే అంకెలు ఇంట్లో కంప్యూటర్లోకి ఎక్కించి డబ్బాలోంచి తుడిచేస్తాడు. దాని పాస్‌వర్డ్ మా ఇద్దరికే తెలుసు. ఒక్కో చోటుకి ఒక్కో పేరు. అమ్మ రాయి, గౌరి గొయ్యి, సూరయ్య తాత మూల. చుట్టాలందరూ ఉన్నారు, నేను తప్ప.

"ఈ సింధూరి పేరెందుకు పెట్టవు బావా?" అని ఒకసారి గిల్లాను.

"నువ్వు ఇంట్లో ఉండాల. నీ పేరు సంద్రంలో ఎట్టేస్తే నానింక ఇంటికెందుకు రావాలి?" అన్నాడు నవ్వుతూ.

ఆ మంగళవారం తెల్లారేసరికి రావలసిన బోటు మధ్యాహ్నానికీ రాలేదు. అందులో బావ, ఆయనతో వేటకెళ్లే సోములు, చినబాబు. ముగ్గురి ఫోన్లూ మోగడం లేదు. వెతకడానికి ఒడ్డున నాలుగు బోట్లు సిద్ధంగా ఉన్నాయి. ఏ వైపు వెళ్లాలో ఎవరికీ తెలీదు. తెలిసిందల్లా ఇంట్లో కంప్యూటర్‌కే.

ఇక్కడినుంచి దాన్ని తెరుచుకునే ఏర్పాటు నేనెప్పుడో చేసుకున్నాను. ఆరోజు అది పని చేయలేదు. కనెక్ట్ కావడం లేదు అన్న ఒక్క మాట తప్ప తెర మీద ఇంకేమీ రావడం లేదు. ఇంట్లో కరెంటు పోయి వచ్చినట్టుంది. అలా జరిగితే నెట్ అడ్రస్ మారిపోతుంది, కంప్యూటర్ ఆగిపోతుంది. ఒడ్డున ఉన్న మా అత్త అసిరమ్మని ఇంటికి పంపించాను.

"అత్తా, గోడకున్న తెల్ల డబ్బా మీద ఏ లైటు వెలుగుతోంది?"

"ఎర్రగా ఉన్నాదే."

"స్విచ్చి ఆపి, పది లెక్కపెట్టి వెయ్యి. తర్వాత కంప్యూటర్ బొత్తాం నొక్కు."

అత్త పైకే లెక్కపెట్టింది. ఏడు దగ్గర ఆగి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. నాకు అరవాలనిపించింది. ఆఫీసు కదా, ఊరుకున్నాను.

"పచ్చగా వచ్చినాదే అమ్మీ. నాను ఒడ్డుకి పోతన్నాను. ఈ ఇంట్లో కూకోలేను." తలుపు గొళ్లెం పడిన చప్పుడు, తాళం వేసిన చప్పుడు ఫోన్లో విన్నాను. రెండూ విన్నాను. ఈ సంగతి ఎంతమందికి చెప్పానో లెక్కలేదు.

కొత్త అడ్రస్ కంప్యూటర్ దానంతటదే నాకు మెయిల్లో పంపింది. నాలుగూ నలభై తొమ్మిదికి ఇంటి తెర నా ముందు తెరుచుకుంది. ఫైలు తెరిచాను. నలభై చోట్లు. ఈసారి ఏ చోటికి వెళ్లాడో ఎలా తెలుస్తుంది? చూస్తుండగానే తెర నల్లబడింది. ఒక మాట వచ్చింది.

మరో యూజర్ కనెక్ట్ అయినందువల్ల మీ కనెక్షన్ తెగిపోయింది.

ఇంట్లో కంప్యూటర్ ముందు ఎవరైనా కూర్చుని పాస్‌వర్డ్ కొడితేనే ఆ మాట వస్తుంది. పాస్‌వర్డ్ తెలిసినవాళ్లం ఇద్దరం. నేనిక్కడున్నాను.

బావ వచ్చేశాడు!

ఏ పక్కనో బోటు దిగి, దొడ్డిదారిన ఇంట్లోకి దూరి ఉంటాడు. ఒళ్లు ఆరకముందే చేపల చోటు దాచుకునే పిసినారి కదా! నవ్వు, ఏడుపు కలిసి వచ్చేశాయి. అత్తకి ఫోన్ చేసి, "ఇంటికొచ్చేశాడత్తా, బోట్లు ఆపమను" అని అరిచాను. అత్త కేకలు పెట్టింది. బోట్లు ఆగాయి. కొందరు దిగి బీడీలు కూడా కాల్చుకున్నారట.

అత్త ఇంటికి పరిగెత్తింది. ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుంది. తాళం తీసిన చప్పుడు. అడుగులు.

"అత్తా... బావ ఏడీ?"

"ఎవుళూ లేరే..." గుసగుసగా అంది. "దొడ్డి తలుపు గడియేసే ఉన్నాది. కుర్సీ తడిసిపోనాది. ఈ మీటలన్నీ నీల్లే..." చప్పరించిన చప్పుడు. "ఉప్పగున్నాయే."

మళ్లీ కనెక్ట్ చేశాను. ఈసారి ఏ అడ్డూ లేదు. ఫైలు తెరిచే ఉంది. నలభై ఒకటో వరుస కొత్తగా ఉంది. సముద్రంలో ఒక చోటు అంకెలు. టైము నాలుగూ యాభై రెండు. పేరు గడిలో...

సింధూరి.

ఆ అంకెలు చదివి చెప్పాను. బోట్లు బయలుదేరేసరికి అరగంట పోయింది.

అక్కడే దొరికారు. తిరగబడిన బోటు పట్టుకుని సోములు, చినబాబు. ఇద్దరే. ఆ రాత్రే నేను ఊరు చేరాను. మర్నాడు ఆసుపత్రి మంచం మీద సోములు నా మొహం చూడకుండా చెప్పాడు. "అన్న మాతోటే ఉన్నాడొదినా. పొద్దుగూకినాక సెయ్యి జారిపోనాది. మనోళ్లు లైట్లేసుకొచ్చింది ఇంకో ఇరవై నిమిషాలకి."

నాలుగూ యాభై రెండుకి బావ బతికే ఉన్నాడు. ఆ వరుస అప్పటికే ఇంట్లో పడి ఉంది. నేను ఫోన్ ఎత్తకుండా ఇంకోసారి కనెక్ట్ బొత్తాం నొక్కి ఉంటే చాలు. సంతోషం పట్టలేక మా ఆయన్ని నేనే ముంచేశాను. ఈ మాట అత్తతో అనలేదు. అత్త కూడా నాతో అనలేదు.

బావ శవం దొరకలేదు. మర్నాడు నాలుగూ యాభై రెండుకి ఫైల్లో ఇంకో వరుస పడింది. అదే పేరు. అంకెలు ఫోన్ మ్యాపులో కొట్టి చూశాను. ఒడ్డుకి కాస్త దగ్గర. పాస్‌వర్డ్ మార్చాను. మూడోనాడు ఇంకో వరుస, ఇంకాస్త దగ్గర. బయటినుంచి దారులన్నీ మూసేశాను. నాలుగోనాడు వంశధార సముద్రంలో కలిసే చోటు. కంప్యూటర్‌ని అడిగితే ఇంట్లో మీటల మీదే కొట్టారని చూపిస్తుంది. అయిదోనాడు లైట్‌హౌస్ కింద ఇసుక.

"వస్తన్నాడు" అంది అత్త. ఆమె కళ్లలో వెలుగు చూసి నాకు భయమేసింది. నా మొగుడు రావాలి. నాకు మొగుడు కావాలి. అయినా తలుపు గడియ వేస్తున్నది నేనే, తీస్తున్నది అత్త.

ఆరోనాటి వరుస మా ఇల్లే. అత్త చేపల పులుసు వండి, తలుపు బార్లా తెరిచి గుమ్మంలో కూర్చుంది. తెల్లారిపోయింది. ఎవరూ రాలేదు. గుమ్మం ముందు వీధి పొడవునా తడి మాత్రం ఉంది. మెయిన్ రోడ్డు దాకా.

"నన్ను దాటి ఎల్లిపోనాడే..." అత్త గొంతు పీలగా వచ్చింది. "కన్నతల్లిని దాటీసి... ఎవురికోసమే?"

ఆ పూటే బస్సెక్కి ఇక్కడికి వచ్చేశాను. ఇల్లు వదిలేస్తే ఆగిపోతుందనుకున్నాను. కానీ బయలుదేరే ముందు, మూసేసిన దారి నేనే మళ్లీ తెరిచాను. చూడకుండా ఉండలేకపోతున్నాను.

ఏడోనాడు శ్రీకాకుళం. ఎనిమిదోనాడు హైవే మీద రణస్థలం. నిన్న మా హాస్టల్ వీధి చివర.

రాత్రంతా లైటు వేసుకుని కూర్చున్నాను. ఏమీ జరగలేదు. పొద్దున్నే ఆఫీసుకు వచ్చేశాను. మనుషులుంటారు కదా, పగలు కదా. ఇప్పుడు నాలుగూ నలభై ఏడు. ఇంటి కంప్యూటర్‌కి కనెక్ట్ అయ్యాను. ఈరోజు వరుస ఇంకా పడి ఉండకూడదు.

పడి ఉంది. పేరు నాదే. టైము నాలుగూ యాభై రెండు. అంకెలు మ్యాపులో కొట్టాను. మా ఆఫీసు మేడ పేరు వచ్చింది.

ఎందుకు వస్తున్నావు బావా? నేనున్నదే ఇల్లనా... లేక ఆ అరగంట గురించి అడగడానికా?

తెర నల్లబడింది. మళ్లీ అదే మాట.

బయట వరండాలో నా పక్క సీటు నరేష్ విసుక్కుంటున్నాడు.

"ఒరే, ఇప్పుడే తుడిసినారు కదరా! మెట్లమీద ఈ ఇసకేటి?"